ఎద కాలంలో ఆడ జింక: వేటగాడి లెక్క, ఊరి కట్టుబాటు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో గిరిజన బాలికల వసతి గృహం వార్డెన్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు నాకు ఇచ్చిన అంశం ‘ఆదివాసీ సంస్కృతి - ప్రకృతి పరిరక్షణ’. ఈ మాట మీద మనం ఏటా మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఆదివాసీ అడవితల్లి బిడ్డ అంటాం, చప్పట్లు కొడతాం, భోజనాలు చేసి బస్సెక్కుతాం. ఈసారి ఆ పెద్ద మాటను కాస్త పక్కన పెట్టి, ఒక చిన్న ప్రశ్న పట్టుకుని మాట్లాడతాను. వేట మీద బతికే జాతి ఆడ జింకను ఎప్పుడు కొడుతుంది, ఎప్పుడు వదిలేస్తుంది? ముఖ్యంగా అవి ఎదకు వచ్చే రోజుల్లో ఆ నిర్ణయం ఎలా చేస్తుంది, ఎవరు చేస్తారు?

ముందే ఒక మాట స్పష్టంగా చెబుతాను. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను కొట్టడం నేరం. ఆడదైనా మగదైనా, ఏ నెలలోనైనా నేరమే. 2006 అటవీ హక్కుల చట్టం మనకు భూమి మీద, అటవీ ఫలసాయం మీద హక్కులు ఇచ్చింది కానీ, వేట హక్కును మాత్రం పేరుపెట్టి మినహాయించింది. కాబట్టి నేను వేటకు వెళ్లమని చెప్పడానికి నిలబడలేదు. వేటలో ఉన్న జ్ఞానం గురించి చెప్పడానికి నిలబడ్డాను.

ఎందుకంటే మా హాస్టల్లో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఒక ఆదివారం స్టడీ అవర్‌లో నన్ను అడిగింది. పాఠంలో ‘వేటగాళ్ల వల్ల జంతువులు అంతరించిపోతున్నాయి’ అని ఉంది. “మేడమ్, మా తాత వేటగాడే. మా తాత వల్లేనా?” అని. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వలేదు. సగం మంది ఇళ్లలో అలాంటి తాత ఉన్నాడు. గోడకు విల్లు, బాణాలు వేలాడుతూనే ఉన్నాయి. ఆ పిల్లకు ‘అవును’ అని చెప్పినా, ‘కాదు’ అని చెప్పినా సరిపోదు. లెక్క చూపించాలి. ఆ లెక్క చూపించడానికి నేను మన కొండలకు చాలా దూరంలో, ఇప్పటికీ చట్టబద్ధంగా వేటాడుతున్న ఒక ఆదివాసీ జాతి దగ్గరికి వెళ్లాను. మిమ్మల్నీ అక్కడికే తీసుకెళ్తాను.

మంచు దేశంలో మన బంధువులు

ఉత్తర అమెరికా ఖండం పై అంచున, అలాస్కా ఈశాన్యంలోనూ, దానికి ఆనుకుని ఉన్న కెనడాలోని యూకాన్, వాయవ్య ప్రాంతాల్లోనూ గ్విచిన్ అనే ఆదివాసులు ఉంటారు. చిన్న జాతి, పదిహేను దాకా ఊళ్లు. వాటిలో ఓల్డ్ క్రో అనే ఊరికి రోడ్డే లేదు, విమానంలో వెళ్లాలి. వాళ్ల తిండి, పాత రోజుల్లో వాళ్ల బట్ట, గుడారం, అన్నీ ఒక జంతువు నుంచే వచ్చేవి. దాని పేరు కారిబూ. రెయిన్‌డీర్ అని పిల్లల పుస్తకాల్లో చూసే ఉంటారు, అదే జాతి జింక. గ్విచిన్ వాళ్లు ఆధారపడిన మందకు అక్కడి నది పేరు మీద పోర్క్యుపైన్ మంద అని పేరు. 2017లో లెక్క పెడితే 2,18,000 జంతువులు తేలాయి.

ఈ జింకకు ఒక విచిత్రం ఉంది. మన దుప్పిలో, కణితిలో మగదానికే కొమ్ములు. దూరం నుంచి చూసినా మగా ఆడా తెలిసిపోతుంది. కారిబూలో ఆడదానికీ కొమ్ములుంటాయి. జింకల్లో ఇంకెక్కడా ఇలా లేదు. పైగా పెద్ద మగవి ఎద కాలం అయిపోగానే, చలికాలం మొదట్లోనే కొమ్ములు రాల్చేస్తాయి. ఆడవి చలికాలమంతా ఉంచుకుంటాయి. సూడితో ఉన్న ఆడది ఈనే దాకా కొమ్ములు రాల్చదు. సూడి లేనిది అంతకు ముందే రాల్చేస్తుంది. కాబట్టి అక్కడ జనవరిలో కొమ్ములున్న జంతువును చూసి ‘మగది’ అని కొట్టినవాడు చాలాసార్లు కొట్టింది ఆడదాన్నే. వసంతంలో కొమ్ములతో కనిపించేది కడుపుతో ఉన్నదే కావచ్చు. అందుకే వేటగాడు ఒళ్లు చూడాలి, మెడ చూడాలి, తోక కింద చూడాలి, పక్కన పిల్ల ఉందా లేదా చూడాలి. ‘ఆడదాన్ని కొట్టకు’ అనే నియమం చెప్పడం సులువు. అది పాటించాలంటే ముందు ఆడదాన్ని పోల్చే కన్ను ఉండాలి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఆడ కారిబూకి ఒక ఏడాది

మే నెలాఖరు, జూన్ మొదట్లో ఆడవన్నీ దాదాపు ఒకే సమయంలో ఈనుతాయి. ఒక్క పిల్ల. ఎండాకాలమంతా పాలిస్తాయి, దోమలతో, ఈగలతో పరుగులు పెడతాయి, చిక్కిపోతాయి. ఆగస్టు, సెప్టెంబరులో మేత బాగుంటే ఒళ్లు పడతాయి. అక్టోబరులో ఎద కాలం. సుమారు ఏడున్నర నెలలు మోసి, మళ్లీ జూన్ మొదట్లో ఈత.

ఎద కాలంలో ఆడది కడుపు నిలుపుకుంటుందా లేదా అన్నది ఎక్కువగా దాని ఒంట్లో ఉన్న కొవ్వు మీద ఆధారపడుతుంది. బాగా చిక్కిన తల్లి ఆ ఏడు ఎదకు రాకుండా ఆగిపోవచ్చు. మన ఇళ్లలో పాలిచ్చే ఆవు బక్కచిక్కితే కట్టు నిలవదు కదా, అలాగే.

మగదాని సంగతి వేరు. సెప్టెంబరులో మగది బలంగా, కొవ్వుతో ఉంటుంది. అప్పుడు దాని మాంసం మంచిది. అక్టోబరు వచ్చేసరికి అది మేత మానేస్తుంది, కొట్లాటల్లో పడుతుంది, కొవ్వంతా కరిగిపోతుంది, మాంసానికి వాసన పడుతుంది. నోట పెట్టలేరు. సరిగ్గా ఆ రోజుల్లోనే చలికాలానికి మాంసం నిల్వ చేసుకోవాలి. ఇక కొట్టదగినది ఆడదే. అక్కడి వేటగాడికి ఎద కాలం తెచ్చిపెట్టే ఇరకాటం ఇదే. కొట్టవచ్చునన్న మగది తినడానికి పనికిరాదు, తినదగిన ఆడది మందను నిలబెట్టేది.

నల్లబల్ల మీద వేసిన లెక్క

ఈ లెక్కను మా పిల్లలకు బోర్డు మీద ఇలా వేశాను. ఇది నేను కల్పించిన లెక్క, అర్థం కావడానికి. ఒక మందలో వంద ఆడవి, ముప్పై మగవి ఉన్నాయనుకుందాం. ఏటా ఎనభై ఆడవి ఈనతాయనుకుందాం. ఊరికి పది జంతువులు కావాలి. పది మగవాటిని తీసుకుంటే, మిగిలిన ఇరవై మగవి వంద ఆడవాటినీ కట్టించగలవు. జూన్‌లో ఎనభై పిల్లలే పుడతాయి. అదే పది ఆడవాటిని తీసుకుంటే తొంభై ఆడవే మిగులుతాయి, పిల్లలు డెబ్భై రెండు. ఆ తగ్గిన ఎనిమిదిలో నాలుగు ఆడపిల్లలు. అవి మూడేళ్లకు ఈనవలసినవి. అంటే ఈ ఏడు తగ్గింది వచ్చే ఏడుతో సరికాదు, ముందుకు నడుస్తూ పోతుంది. వడ్డీ వ్యాపారి పద్దులాగ.

ఇంతవరకూ పిల్లలకు అర్థమైంది. తర్వాత ఒక పిల్ల అడిగింది, “మేడమ్, అయితే ఎదకు ముందే కొడితే సరి కదా? కడుపులో పిల్ల ఉండదు కదా?”

చాలామంది పెద్దవాళ్లు కూడా ఇలాగే అనుకుంటారు. సెప్టెంబరులో కొడితే ఒక ప్రాణం, ఫిబ్రవరిలో కొడితే కడుపులోదానితో కలిపి రెండు ప్రాణాలు అని. చేతికి, మనసుకు అది నిజమే. కడుపు కోసినప్పుడు పిల్ల కనబడితే ఏ వేటగాడికైనా చెయ్యి ఆగుతుంది. కానీ జూన్ నెలలో మందను లెక్కపెట్టి చూడండి. సెప్టెంబరులో చనిపోయిన ఆడది జూన్‌లో ఈనదు. ఫిబ్రవరిలో చనిపోయినదీ ఈనదు. మందకు పోయింది రెండు సందర్భాల్లోనూ ఒక తల్లి, ఒక పిల్ల. నెల మార్చినంత మాత్రాన ఆ అప్పు తీరిపోదు.

మరి నెలకు విలువ లేదా? ఉంది. మూడు చోట్ల ఉంది.

ఒకటి, పిల్ల. సెప్టెంబరులో తల్లి వెంట ఉన్న పిల్లకు మూడు, నాలుగు నెలల వయసు. మొదటి చలికాలమంతా అది తల్లి వెంటే తిరుగుతుంది, తల్లి కాలితో మంచు తవ్విన గోతిలో మేత వెతుక్కుంటుంది. అంత చిన్నప్పుడు తల్లి పోతే దాని బతుకు కష్టం. పిల్ల వెంట ఉన్న తల్లిని వదిలెయ్యాలనే నియమం జాలి కోసం పెట్టింది మాత్రమే కాదు, లెక్క కోసం కూడా పెట్టింది.

రెండు, చలి. సెప్టెంబరులో ఉన్న ఆడవాటిలో కొన్ని ఎలాగూ చలికాలం దాటవు. తోడేలు పట్టుకుంటుంది, ఆకలికి పడిపోతాయి. ఫిబ్రవరి, మార్చి దాకా బతికి, కడుపుతో ఉన్నదంటే అది గట్టిది, దాదాపు ఈనబోతోంది. దాన్ని కొడితే మందకు నష్టం ఎక్కువ. వసంతంలో, ఈనడానికి వెళ్లే దారిలో ఉన్న సూడిదాన్ని వదలాలి అనడం వెనక ఉన్న తెలివి ఇది.

మూడు, ఒళ్లు. ఎద కాలం తర్వాత, పక్కన పిల్ల లేకుండా, వీపు మీద కొవ్వుతో ఉన్న ఆడదాన్ని వేటగాళ్లు ఏరుకుంటారు. పాలిచ్చేది కాదు కనుక దానికి కొవ్వు బాగా ఉంటుంది, మాంసం మంచిది, ఏ పిల్లా అనాథ కాదు. కానీ ఇక్కడా ఒక మెలిక ఉంది. పాలివ్వక ఒళ్లు పట్టిన ఆడదే ఆ ఎద కాలంలో తప్పకుండా కట్టేది కూడా. అంటే వెంట పిల్ల లేదు కాబట్టి నష్టం లేదు అనుకోవడానికి వీల్లేదు. నష్టం ఉంటుంది, వచ్చే జూన్‌లో కనిపిస్తుంది.

కాబట్టి ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నకు నిజమైన జవాబు నెల పేరు కాదు. ఏదాన్ని, ఎన్నింటిని అన్న రెండు ప్రశ్నలు దానితో కలిపి అడగాలి. మంద నిండుగా ఉన్నప్పుడు కొన్ని ఆడవాటిని తీసుకున్నా అది తట్టుకుంటుంది. మంద తగ్గుతున్నప్పుడు ఏ నెలలో కొట్టినా ఆడదాని చావు గట్టిగా తగులుతుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో వేటను ‘హార్వెస్ట్’ అని రాస్తారు, అంటే కోత. కోత కోసేవాడికి మొదటి నియమం మన అమ్మలందరికీ తెలుసు. విత్తనం గింజలు కుండలో పెట్టి, మూతికి పేడ మెత్తి, అటక మీద దాచిన తర్వాతే మిగతాది తింటాం. ఎంత ఆకలి ఉన్నా ఆ కుండ ముట్టం.

ఎవరు చెప్పాలి?

లెక్క తెలిసింది. మరి నియమం ఎవరు పెట్టాలి? ఇక్కడ గ్విచిన్ వాళ్ల అనుభవం మనం బాగా వినాలి.

పోర్క్యుపైన్ మంద 1989లో సుమారు 1,78,000 ఉండేది. 2001 నాటికి సుమారు 1,23,000కి తగ్గింది. ఆ తర్వాత చాలా ఏళ్లు వాతావరణం అనుకూలించక సరిగా లెక్క పెట్టలేకపోయారు. ఇంకా తగ్గుతోందేమోనని అందరికీ భయం పట్టుకుంది. 2009లో యూకాన్ ప్రభుత్వం మగవాటినే కొట్టాలని ఆదివాసులతో సహా అందరికీ నిబంధన పెట్టింది. ఆదివాసీ ప్రభుత్వాలు ఎదురు తిరిగాయి. ఆడవాటిని కాపాడాలన్న మాట మీద వాళ్లకు గొడవ లేదు, ఆ మాట వాళ్లదే. తమను కూర్చోబెట్టుకోకుండా పైనుంచి చెప్పడం మీద గొడవ.

తర్వాత అందరూ ఒక చోట కూర్చున్నారు. ఆదివాసీ ప్రభుత్వాలు, యూకాన్, వాయవ్య ప్రాంతాల ప్రభుత్వాలు, కెనడా ప్రభుత్వం కలిసి 2010లో ఒక ప్రణాళిక మీద సంతకాలు పెట్టాయి. అది ఎంత తేలిగ్గా ఉంటుందంటే మా ఆరో తరగతి పిల్లలు కూడా చెప్పగలరు. నాలుగు రంగులు. మంద 1,15,000 పైన ఉంటే ఆకుపచ్చ. 80,000 నుంచి 1,15,000 వరకూ పసుపు, అప్పుడు ఆడవాటిని వదిలేసి మగవాటినే తీసుకోమని కోరతారు. 45,000 నుంచి 80,000 వరకూ నారింజ, అప్పుడు అది కోరిక కాదు, ఆజ్ఞ. 45,000 కంటే తగ్గితే ఎరుపు, వేట ఆపెయ్యడమే. ఏటా వేటగాళ్లు ఏం తెచ్చారో లెక్క చెబుతారు. జంతువు ఒళ్లెలా ఉంది, వీపు మీద కొవ్వు ఎంత అని కూడా చూస్తారు. అది అందరికంటే బాగా తెలిసేది మాంసం కోసే చేతులకే.

2010లో ఎట్టకేలకు ఆకాశం నుంచి ఫొటోలు తీసి లెక్కపెడితే 1,69,000 వచ్చాయి. భయపడినంత లేదు. అయినా ప్రణాళికను పారెయ్యలేదు. మంద ఎప్పుడూ ఒకేలా ఉండదని వాళ్లకు తెలుసు. అదే దేశంలో బాథర్స్ట్ అనే ఇంకో మంద 1986లో సుమారు 4,70,000 ఉండేది, 2018కి సుమారు 8,200 మిగిలాయి. వాతావరణం, గనులు, రోడ్లు, వేట, ఇలా కారణాలు చాలా చెబుతారు. వేలల్లోకి పడిపోయిన మందకు ఏ నెలలో కొట్టాలనే చర్చే ఉండదు.

గ్విచిన్ వాళ్ల కట్టుబాటు ఇంకొకటి చెప్పాలి. కారిబూ ఈనే చోటు అలాస్కా సముద్ర తీరంలోని మైదానం. దాన్ని వాళ్ల భాషలో ‘జీవం మొదలయ్యే పవిత్ర స్థలం’ అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. కరువు కాలంలో కూడా తమ పెద్దలు అక్కడ అడుగు పెట్టలేదని వాళ్లు చెబుతారు. ఆ మైదానం కింద చమురు ఉందని కంపెనీల కన్ను దాని మీద పడింది. 1988లో గ్విచిన్ ఊళ్లన్నీ ఒక చోట సమావేశమై, ఆ చోటు జోలికి ఎవరూ రాకూడదని ఒక్క గొంతుతో చెప్పాయి. 2017లో అమెరికా కాంగ్రెసు అక్కడ చమురు లీజులకు దారి తెరిచింది, పోరాటం సాగుతూనే ఉంది. బాక్సైట్ మాట విన్న మన్యం వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వేటగాడు ఆడదాన్ని వదిలేసి వచ్చినా, అది ఈనే చోటు పోతే ఫలం లేదు.

కన్ను లేని ఆయుధం

అక్కడ 1979లో డెంప్‌స్టర్ హైవే అని కారిబూ చలికాలం మేసే ప్రాంతాల మీదుగా రోడ్డు తెరిచారు. అప్పటిదాకా రోజుల తరబడి నడిచి, మందను దగ్గర నుంచి చూసి కొట్టే వేట, రోడ్డు మీద బండి ఆపి కాల్చే వేటగా మారింది. తొందరలో, గుంపులోకి కాలిస్తే ఏది పడుతుందో ఎవరికి తెలుసు? అందుకే మందకు దారి చూపే మొదటి గుంపును వెళ్లనివ్వాలన్న పాత నియమాన్ని పెద్దలు కుర్రాళ్లకు మళ్లీ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు మన కొండలకు వద్దాం.

మన పెద్దలకు అలాంటి కన్ను ఉంది. మా తాత వరసవాళ్లు చెప్పేవారు, సూడిదాన్ని కొట్టినవాడి బాణం మళ్లీ సూటిగా పోదని. ఇది శాపం మాట కాదు, చదువు మాట. పిల్ల మనసులో నియమం నిలవాలంటే అలాగే చెప్పాలి. టీచర్ ట్రైనింగులో మాకు నేర్పింది అదే.

కానీ మన అడవి జింక కారిబూ లాంటిది కాదు. కారిబూ అంతా ఒకే నెలలో ఎదకు వచ్చి, ఒకే వారం పది రోజుల్లో ఈనుతుంది. అందుకే అక్కడ కాలం గీత గీయవచ్చు. మన దుప్పి ఏడాది పొడవునా ఈనుతుంది, కొన్ని నెలల్లో ఎక్కువ, కొన్నింట్లో తక్కువ. కొండగొర్రె కూడా అంతే. ఏ నెల చూసినా అడవిలో సూడిది ఉంటుంది, పాలిచ్చేది ఉంటుంది. ఈనడం అయిపోయింది, ఇప్పుడు కొట్టవచ్చు అని చెప్పగలిగే నెల మన క్యాలెండర్లో లేదు. లక్షల మంద కూడా మనకు లేదు. ఒక కొండవాలున ఐదో, పదో. పైన చెప్పిన లెక్కలో పది ఆడవి పోతే మంద తగ్గింది. ఇక్కడ రెండు పోతే ఆ కొండ ఖాళీ. చట్టం వద్దంది సరే. చట్టం లేకపోయినా, మన పెద్దల లెక్క ప్రకారమే ఈ రోజు జవాబు ‘వద్దు’ అనే వస్తుంది.

ఇక్కడే తమ్ముళ్లతో నాకు పని ఉంది. కోపగించుకోకండి.

ఈ రోజు అడవిలో జింకను చంపుతున్నది తాత బాణం కాదు. ఉచ్చు, కరెంటు తీగ, రాత్రి హెడ్‌లైటు. బాణం వేసేవాడు దగ్గరికి వెళ్లాలి, గాలి చూడాలి, జంతువును చూడాలి. చూశాక వదిలెయ్యవచ్చు. ఉచ్చు చూడదు. కరెంటు తీగకు ఆడా మగా తెలియదు, సూడీ పాలూ తెలియదు. ఇంకా ఘోరం, జింకకూ మనిషికీ తేడా తెలియదు. పొలం గట్టున పంది కోసమని పెట్టిన తీగ తగిలి ఆవులు పోతున్నాయి, కట్టెలకు వెళ్లిన మనుషులు పోతున్నారు. ఆ మాంసం సంతకు, రోడ్డు పక్క హోటలుకు పోతుంది. కేసు మాత్రం మన కుర్రాడి మీద పడుతుంది. వకీలు కోసం, బెయిలు కోసం తల్లి చెవి పోగులు తాకట్టు పెట్టిన ఇళ్లు మీరూ చూశారు, నేనూ చూశాను. ఆ ఇంటి పిల్లలు మా హాస్టల్లోనే ఉన్నారు. సెలవుల్లో ఇంటికి వెళ్లడానికి వాళ్లు తటపటాయిస్తారు.

దాన్ని మన సంస్కృతి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వదిలెయ్యడం ఉన్న చోటే మన వేట ఉంది. వదిలెయ్యడానికి వీలులేనిది వేట కాదు.

ఇటుకల పండుగ సంగతి కూడా చెప్పాలి. చైత్రంలో మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి వెళ్లడం, ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్లు ఆటపట్టించడం మన ఆచారం. పండుగ పోవాలని నేను అనను. కొన్ని ఊళ్లలో ఇప్పటికే గురి పెట్టి బాణాలు వెయ్యడం వరకే ఉంచుకున్నారు. విత్తనాలకు మొక్కుతున్నారు, థింసా ఆడుతున్నారు. అక్కలారా, మనం కూడా ఒక పని చేద్దాం. ఉత్త చేతులతో వచ్చినవాణ్ణి వెక్కిరించడం మానేసి, ఏం చూసి వచ్చావో చెప్పమని అడుగుదాం. దుప్పి అడుగు ఎక్కడ చూశావు, పిల్ల వెంట ఉందా, ఏ ఊటలో నీళ్లున్నాయి అని అడుగుదాం. చెప్పగలిగినవాడే మొనగాడు.

మన చేతిలో ఉన్నవి

వేట మన చేతిలో లేదు. కానీ ‘తల్లిని వదిలెయ్’ అనే నియమం పనిచేసే చోట్లు ఇంకా చాలా మన చేతిలో ఉన్నాయి.

తొలకరి వరదకు గెడ్డల్లో ఎదురెక్కే చేప గుడ్లతో ఉంటుంది. ఆ నాలుగు రోజులు దాన్ని వెళ్లనిస్తే వానాకాలం చివరికి గెడ్డ నిండుతుంది. అడ్డంగా తడిక కట్టి అంతా పట్టేస్తే, ఇంకా దిగజారి బ్లీచింగ్ పౌడరు కలిపితే, వచ్చే ఏడు ఉత్త రాళ్లే. అడవి దుంప తవ్వినప్పుడు తల భాగాన్ని తిరిగి మట్టిలో పెట్టి వచ్చేవాళ్లం. తేనెపట్టు కోసినప్పుడు పిల్లలున్న భాగం వదిలి, తేనె ఉన్న భాగమే కోస్తే ఆ ఈగ అక్కడే ఉంటుంది. మామిడి కొత్త, సామ కొత్త, కంది కొత్త చెయ్యకుండా కొత్త పంట నోట పెట్టం కదా. పండని కాయ, ముదరని గింజ తెంపకుండా ఊరంతటినీ ఒక్క రోజు వరకూ ఆపే కట్టుబాటు అది. గ్విచిన్ వాళ్లు రంగులు పెట్టుకున్నారు, మన వాళ్లు పండుగ పెట్టుకున్నారు.

వీటిని ఇప్పుడు ఊరి మాటగానే కాదు, చట్టం మాటగా కూడా పెట్టుకోవచ్చు. అటవీ హక్కుల చట్టంలో అయిదో సెక్షను గ్రామసభకు అడవిని, వన్యప్రాణులను, జీవ వైవిధ్యాన్ని కాపాడే అధికారం ఇచ్చింది. ఆ గ్రామసభకు కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి అని నిబంధనల్లో ఉంది. యూకాన్‌లో ఆదివాసులు పోట్లాడి తెచ్చుకున్న కుర్చీ మనకు కాగితం మీద ఇప్పటికే ఉంది. ఆ కుర్చీలో కూర్చోవడమే మిగిలింది. మా కొండ మీద ఉచ్చు లేదు, కరెంటు తీగ లేదు, గెడ్డలో మందు లేదు, ఈ రోజు నుంచి ఈ రోజు వరకూ చేప పట్టం అని తీర్మానం రాసి, వేలిముద్రలు వేసి, ఊరి గోడ మీద అంటిద్దాం. దండుగ ఎంతో కూడా ఊరే రాయాలి. బయటివాడు పెట్టిన నియమాన్ని తప్పించుకుంటే తెలివి అనుకుంటారు. మనం పెట్టుకున్నదాన్ని తప్పితే సిగ్గు అనుకుంటారు.

మా హాస్టల్లో ఒక పని మొదలుపెట్టాం. దసరా, సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లే ప్రతి పిల్లకూ ఒక నోటు పుస్తకం ఇస్తున్నాం. తాతను, అవ్వను అడిగి, దేన్ని ఎప్పుడు ముట్టకూడదో, ఎందుకో రాసుకుని రమ్మంటున్నాం. ‘ఎందుకు’ అన్న గడి ఖాళీగా ఉంటే మళ్లీ అడిగి రమ్మంటాం. సంఘం పెద్దలకు నా మనవి ఒక్కటే. వచ్చే ఏడు ఈ వేదిక మీద ఉపన్యాసాలు కొన్ని తగ్గించండి. ఆ పుస్తకాల్లోంచి పిల్లలు చదువుతారు, ముందు వరసలో తాతలు కూర్చుని తప్పులు దిద్దుతారు.

ఆ ఎనిమిదో తరగతి పిల్లకు నేను చెప్పిన జవాబు మీకూ చెబుతాను. మీ తాత ఎన్ని కొట్టాడని కాదు, ఎన్ని వదిలేశాడో అడిగి రా అన్నాను. సెలవుల తర్వాత వచ్చి, “మేడమ్, చెప్పడం మొదలుపెడితే ఆపలేదు” అంది.

ఆ మాటలు ఆగకముందే రాసుకుందాం.